నడుములో దాచిన అగ్గిపెట్టె

ఇన్నేళ్లుగా నా నడుము దగ్గర ఒక అగ్గిపెట్టె ఉంది. చీర మార్చినా, ఊరు మార్చినా అది జారిపోలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా దాన్ని బయటికి తీయలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లకే చెప్పగలనేమో. నా పేరు మాత్రం అడగొద్దు.

పందొమ్మిదివందల యాభైల్లో ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు స్విట్జర్లాండ్ దేశపు ఇంజనీరు వచ్చాడు. దొర, దొరసాని, ఇద్దరు పిల్లలు మిల్లు ప్రహరీ లోపలి బంగళాలోనే ఉండేవాళ్లు. నేను మిషన్ బడిలో చదువుకుని ఆ పిల్లలకు ఆయాగా చేరాను. పత్తి ఉన్నచోట నిప్పు పేరెత్తకూడదు. దొర ఇంటి వంట కూడా గేటు బయట పాకలో వండి లోపలికి మోసుకుపోయేవాళ్లం. కావలి ఈరన్న వచ్చిన ప్రతి కూలీని తడిమి, బీడీలూ అగ్గిపెట్టెలూ తీసుకుని తన గదిలోని కుండలో వేసి, పని దిగేటప్పుడు ఎవరివి వాళ్లకు ఇచ్చేవాడు. ఆడకూలీలు కొంగు దులిపి చూపించాలి. నన్ను అదీ అడిగేవాడు కాదు. నేను దొర ఇంటి మనిషిని.

ఆగస్టు మొదటి తేదీ వాళ్ల దేశం పండగ. ఆ సాయంత్రం అక్కడి పిల్లలు కాగితపు లాంతర్లలో కొవ్వొత్తులు వెలిగించుకుని ఊరేగుతారట. ఇక్కడ మా పిల్లలు వట్టి లాంతర్లు పట్టుకుని వరండాలో తిరిగేవాళ్లు. ఆ ఏడు చిన్నపిల్ల తన లాంతరు విసిరేసి, మన ఊరికి పోదామని ఏడ్చింది. దొరసాని గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నన్నెవరూ అగ్గిపెట్టె తెమ్మనలేదు. గేటు బయటి వంటపాకలోంచి నేనే నడుములో దోపుకుని తెచ్చాను. జాలిపడ్డానా? లేక ఆ ఇంట్లో మంచిదాన్ననిపించుకోవాలనుకున్నానా? రెండోదే ఎక్కువని ఇప్పుడు అనిపిస్తుంది.

అది గాలికాలం. పొద్దుటి నుంచీ తలుపులు కొట్టుకుంటూనే ఉన్నాయి. గాలి చూసి ఈరన్న ఆరోజు కూలీలను మరీ గట్టిగా తడుముతున్నాడు. నన్ను చూసి నవ్వి పక్కకు జరిగాడు.

దొర ఇంజను గదిలో ఉన్నాడు. చీకటి పడుతుండగా లోపల కొవ్వొత్తులు నిలబెట్టి రెండు లాంతర్లూ వెలిగించాను. దొరసాని వద్దనలేదు. పిల్లలు పాట ఎత్తుకున్నారు. పాట సగంలో ఉండగానే గాలి చిన్నదాని చేతిలోంచి లాంతరు లాక్కుపోయింది. బంగళా గోడ మీద ఒక్క క్షణం ఆగి, అవతల పోసి ఉన్న పత్తి వైపు దొర్లింది. నేనెందుకు అరవలేదు? అరిచి ఉంటే ఈరన్న అప్పుడే పరుగెత్తుకొచ్చేవాడు. నేను మాత్రం రెండో లాంతరు ఆర్పి, చింపి, ముక్కలు ఒడిలో దాచుకున్నాను.

ప్రాణాలు పోలేదు. పత్తి మాత్రం తెల్లవార్లూ కాలింది. నిప్పెక్కడిదని వెదికితే ఈరన్న గదిలో కుండ కనిపించింది. రాత్రి పాళీలో పనిలో ఉన్న కూలీల బీడీలూ అగ్గిపెట్టెలూ అందులో ఉన్నాయి. కావలివాడే ఒకటి తీసి ముట్టించి ఉంటాడన్నారు. పనిలోంచి తీసేశారు. లాంతరు మాట దొరసాని ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పదిహేనో తేదీన మిల్లులో మన జెండా ఎగరేశారు. మసి వాసన ఇంకా పోలేదు. పిల్లల చొక్కాలకు చిన్న జెండాలు గుచ్చుతుంటే గేటు బయటి నుంచి ఈరన్న పిలిచాడు.

"అమ్మా, దొర ఇంట్లో నీ మాట ఇంటారు. ఈరన్న బీడీ తాగలేదని ఒక్క మాట సెప్పు. పని ఇయ్యకున్నా సరే. నా పిల్లోల్లను మిల్లు కాల్చినోని పిల్లోల్లు అంటాండారు."

"నేనేం సూడలేదన్నా."

"సూడకున్నా నన్ను ఎరుగుదువు కదమ్మా."

"పిల్లోల్లు పిలుస్తాండారు," అని లోపలికి వచ్చేశాను. ఎవరూ పిలవలేదు.

ఈరన్న తన పెళ్లాం పిల్లలతో ఎమ్మిగనూరు పోయాడు. చాలా ఏళ్ల తర్వాత అక్కడి సంతలో, నెత్తిన మూటతో ఎదురొచ్చాడు. భయంతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. ఆ రోజు గేటు దగ్గరలాగే, నాకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగాడు.

ఇప్పుడు ఆయన లేడు. రాస్తే ఎవరికి లాభం? క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఆయన అడిగిన ఒక్క మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అది ఇక్కడ పెడుతున్నాను. 

ఈరన్న బీడీ తాగలేదు. అగ్గిపెట్టె తెచ్చింది నేను.