దొర ఏ మాట కింద ఉన్నాడు?

నగర సమాచార కార్యాలయంలో ఆమెను అందరూ సూచికమ్మ అంటారు. జనం ఫోన్లలో పంపే ప్రతి మొరా ఏ మాట కిందికి వస్తుందో తేల్చడం ఆమె పని. గుంత అయితే రోడ్లు, కంపు అయితే మురుగు. ఏళ్లుగా ఆమె అంటించిన ఆ మాటలన్నీ మింగిన యంత్రం ఇప్పుడు తనే అన్నీ తేలుస్తోంది. ఎక్కడికి ఏ బండి పోవాలో కూడా అదే చెబుతోంది. సూచికమ్మకు మిగిలింది పైపై తనిఖీ.

ఆ పొద్దున అత్తగారు ఫోన్ చేసింది.

"ఏమ్మా, మన దొరను బండెక్కించేశారు! మీ ఆఫీసు బండేనట. వాడు లేకపోతే నేను గడప దాటేదెట్లా?"

దొర వీధికుక్క. చూపు మందగించిన అత్తగారు వాడి మెడతాడు పట్టుకునే కుళాయికీ, కొట్టుకీ వెళ్లి వస్తుంది. ఎక్కడికి పోవాలో ఆవిడకు తెలుసు, కాలెక్కడ వేయాలో వాడికి తెలుసు. ఇద్దరూ కలిస్తేనే ఒక నడక.

"డ్రైవరును కాసేపు మాటల్లో పెట్టండత్తయ్యా. మీకది నేర్పాలా!" అంటూ సూచికమ్మ కంప్యూటర్లో వెతికింది. కుక్క అన్న మాట పక్కన 'బెడద' అని ఉంది. పెట్టింది తనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పని తెమిలితే చాలని నాలుగు కాళ్లున్న ప్రతిదాన్నీ అందులోకే తోసేసింది. ఆ తొందరపాటే యంత్రానికి వేదవాక్కయి కూర్చుంది.

పైఅధికారి దగ్గరికి పరుగెత్తింది.

"బెడద కాకపోతే ఏంటమ్మా? కుక్కకు ఓటు కూడా ఇప్పిస్తావా?"

"ఓటొద్దు సార్, చోటు చాలు. మనుషులు, మనుషులకు అడ్డొచ్చేవి అని రెండే అరలు పెట్టుకున్నాం. లోకం అందులో పడుతుందా?"

"ఒకటి కదిపితే అన్నీ కదుల్తాయి తల్లీ."

"కదలనీయండి సార్. కదలక ముందు ఏం బాగుపడ్డాం?"

"నీ పోరు పడలేను" అని విసుక్కుంటూనే ఆయన సరేనన్నాడు. బెడద చెరిపేసి ఆమె 'వీధివాసి' అని కొట్టింది.

ఇంకా పెట్టేయని ఫోనులో డ్రైవరు గొంతు వినపడింది. "ఇదేం విడ్డూరం! యంత్రం దించేయమంటోందే! మీ దొర ఇప్పుడే వీధివాసి అయ్యాడంట అవ్వా."

"ఇప్పుడేంటి నాయనా, నీకంటే ముందు నుంచీ ఇక్కడివాడే" అంది అత్తగారు.

సూచికమ్మ ఇంకా ఊపిరి పీల్చుకోనేలేదు.

"సరే అవ్వా, వస్తా. వంతెన కింద పడుకునేవాళ్ల సామాన్లు ఎత్తుకురావాలి."

"అన్నా, ఆగు!" ఫోనులోనే అరిచింది సూచికమ్మ. "వాళ్లు ఏ మాట కింద ఉన్నారు?"

"అడ్డంకి అని చూపిస్తోందమ్మా."

అది ఎవరు పెట్టిన మాటో చూసుకోవలసిన పని లేదు.

"బండి కదిలించకన్నా, నీకు పుణ్యముంటుంది" అంటూ ఆమె మళ్లీ అధికారి గది తలుపు తోసింది.

ఆయన తలెత్తకుండానే అడిగాడు. "ఈసారి ఏ జంతువమ్మా?"

"మనుషులు సార్."