బండ మీద నిలబడతానన్న మాట

పదో రోజు కాకి రాలేదు. కృష్ణ ఒడ్డున రేవు మెట్ల మీద ఆకులో పిండం పెట్టి అందరం దూరంగా జరిగాం. కాకులు ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చున్నాయి, దిగడం లేదు. పోయిన నా స్నేహితుడికి ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు పెద్దలు. ఒక్కొక్కరే మాటివ్వడం మొదలుపెట్టారు.

"నీ బైకు అమ్మంలేరా," అన్నారు వాళ్ళ నాన్నగారు. తీగ మీద కదలిక లేదు.

"అమ్మని నా దగ్గర ఉంచుకుంటాలేరా," అంది వాళ్ళక్క. అదీ కాదు.

నేను ఇంజనీర్ని. కాకి దిగకపోవడానికి వేరే కారణాలు ఎన్నైనా ఉంటాయని తెలుసు. అయినా అనేశాను: "ఆ బండ మీదకి వెనకవైపు నించే ఎక్కుతాన్రా. ఎక్కి నిలబడతా."

కాకి దిగింది. ముద్ద పొడిచింది. అక్క నా వైపు తిరిగింది.

ఆ బండని మేమెప్పుడూ కళ్ళతో చూడలేదు. కొండపల్లి దాటాక ఒక గుట్ట అంచున, ఫోన్లో ఉపగ్రహ చిత్రంలో వాడే కనిపెట్టాడు. పెద్దది, బల్లపరుపుగా ఉంది. "అక్కణ్ణించి బ్యారేజీ దాకా కృష్ణ కనపడుద్దిరా," అనేవాడు. దారి లేదు. వాడు పట్టుబట్టిన వెనకవైపు నించే రెండు ఆదివారాలు ముళ్ళకంపల్లో పడి ప్రయత్నించాం, రెండుసార్లూ నీళ్ళయిపోయి వెనక్కొచ్చాం. మూడోసారికి వాడు లేడు. షటిల్ ఆడుతూ కోర్టులోనే కుప్పకూలాడు. అప్పటికి మాకు ముప్పై దాటి ఎన్నాళ్ళో కాలేదు.

అక్క ఉయ్యూరులో టీచరు. నేనూ వస్తానంది.

"దారే ఉండదక్కా, నువ్వెందుకు?"

"మాటిచ్చినోడు నిలబడ్డాడో లేదో చూసేవాళ్ళుండొద్దా?"

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నా బ్యాగులో సరిపడా నీళ్ళు, తాడు, కొడవలి, కట్టుగుడ్డ, అదనపు ఛార్జర్. అన్నీ ముందురోజే రాసుకుని టిక్కులు పెట్టుకున్నాను. అక్క స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చింది.

"తిండి రాసుకోలేదా నీ లిస్టులో?"

"బిస్కెట్లున్నాయక్కా."

"వాడూ ఇంతే. బిస్కెట్లు తిని కొండలెక్కేవాడు."

నేను కంప నరుకుతూ ముందు, ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెనక. ప్రతి మలుపులో ఫోను చూసుకుంటున్నాను.

"కొండ ఎదురుగా ఉంటే ఫోన్లో వెతుకుతావేంట్రా?"

చివరి పొదల దగ్గర బాణం గుర్తు ఇంకా ముందుకే చూపిస్తోంది. బండ అంచు అక్కడే మొదలవ్వాలి. కొమ్మలు పక్కకి లాగి కాలు ముందుకు వేశాను. అక్క నా బ్యాగు పట్టుకుని వెనక్కి గుంజింది.

ముందు నేల లేదు.

గుట్ట సగం లేదు. కేకు కోసినట్టు నిలువునా కోసేశారు. రాతిలో డ్రిల్లింగు గీతలు పైనుంచి అడుగు దాకా వరసగా ఉన్నాయి. అడుగున పసుపు రంగు మిషన్లు, లారీలు, కంకర గుట్టలు. ఆదివారం కాబట్టి చప్పుడు లేదు. ఒక గద్ద మా కాళ్ళకి చాలా కింద తిరుగుతోంది.

"ఇంకో కొండేమో చూడరా."

"ఇదే అక్కా."

ఫోన్లో బండ చక్కగా ఉంది. నా ఎదురుగా, ఖాళీ గాలిలో.

"ఫొటోలో ఉందిగా మరి?"

"పాత ఫొటో."

"ఎంత పాతది?"

నాకు తెలియదు. అన్నీ సరిచూసుకున్నాను, అదొక్కటి తప్ప. మేము మొదటిసారి బయల్దేరేనాటికి బండ ఉందో లేదో కూడా తెలియదు. లేనిదాని కోసమే వాడు అంత ఎండలో నడిచాడేమో. కూర్చుండిపోయాను.

కృష్ణ మాత్రం కనిపిస్తోంది. గుట్ట తెగిన సందులోంచి, వాడన్నట్టే, బ్యారేజీ దాకా. బండ ఉండుంటే, మేమున్న చోటికి అదే అడ్డొచ్చేది.

అక్క డబ్బా తెరిచి పిడికెడు పులిహోర అంచు మీద రాయిపై పెట్టింది. "చెప్పు వాడికి."

"బండ లేదురా," అన్నాను.

పొదల దాకా వెనక్కి జరిగాం. "కాకులు మనుషులున్న చోటే ఉంటాయక్కా, ఇక్కడికి రావు."

"కింద ఉన్నారుగా."

నిజంగానే, గుంత అడుగున రేకుల షెడ్డు మీంచి ఒక కాకి లేచింది. చుట్లు తిరుగుతూ పైకొచ్చి రాయి మీద వాలింది. పులిహోర వైపు చూసింది. మా వైపు చూసింది. ముట్టలేదు.

"ఇంకేదన్నా మాటివ్వరా," అంది అక్క మెల్లగా.

ఫోను జేబులో పెట్టుకుని కాకి వైపు తిరిగాను.