మూడో ఈత

ఆ రోజుల్లో మా ఆలూరు పక్క పిల్లోళ్లకు కొలువు సంపాదించే సూత్రం ఒకటే: పైవాళ్లు ఏమడిగినా "తెలుసు సార్" అనాల. తెలియదన్నామా, కొలువు పాయె. కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులు అవి. ఆఫీసులు డేరాల్లో, ఆఫీసర్లు కోస్తా నుంచి. కాలవల ఆఫీసులో నేను టెంపరరీ గుమస్తాను. మా పైఆఫీసరు గోదావరి మనిషి, చాటున మేమంతా గోదారాయన అనేవాళ్లం. ఊర్లో మా అమ్మ ఒక్కతే ఉండేది. తెల్లారకముందే బావికాడికి పోయి, నలుగురితో కొట్లాడి రెండు కడవలు తెచ్చుకునేది. ఇంతా చేస్తే అవి ఉప్పునీళ్లు. నా కొలువు పర్మనెంటు అయితే కాలవగట్టున క్వార్టర్సు ఇస్తారు, అమ్మను పిలిపించుకోవచ్చు. నా ఆశంతా దానిమీదే.

ఒకనాడు గోదారాయన నన్ను డేరాలోకి పిలిచి, "ఏమయ్యా, నీకు ఈత తెలుసునా?" అన్నాడు. ఈత తెలియకపోవడమేంది! "తెలుసు సార్. మా ఊరి వంక నిండా ఈతే" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎన్ని నిలువులుంటుందేమిటి?" అన్నాడు. "రెండు నిలువులకు తక్కువుండదు సార్" అన్నాను. (ఈతచెట్టు అంతకంటే ఏం పెరుగుతాది, తాటిచెట్టా?) "శభాష్! సోమవారం లాకుల దగ్గరికి రా. రెండు కంపెనీల యంత్రాలు వస్తున్నాయి. ఈత తెలిసినవాడివి, ఏది మేలైనదో నువ్వే చూసి చెప్పాలి" అన్నాడు. కాలవగట్టున ఈతచెట్లు పెరికే యంత్రాలు కాబోలు అనుకున్నా. సోమవారం నాడు పనికొస్తాదని కొడవలి కూడా తీసుకుపోయినాను.

లాకుల దగ్గర సంతకు వచ్చినట్లు జనం. మద్రాసు నుంచి ఇద్దరు ఏజెంట్లు వచ్చినారు. ఇద్దరి దగ్గరా వీపుకు కట్టుకునే ఇనుప సిలిండర్లు. ఒకాయన యంత్రానికి నోటికి అటొకటి ఇటొకటి రెండు రబ్బరు గొట్టాలు, రెండో ఆయనదానికి ఒకటే గొట్టం. రెండు గొట్టాలాయన నా చెయ్యి పట్టుకుని, "దీంతో గంటసేపు అడుగునే ఉండొచ్చు సార్!" అన్నాడు. "ఈత అడుగున కూర్చోడానికి యంత్రమెందుకప్పా? నీడన్నా సరిగ్గా ఉండదు" అన్నాను. ఆయన పకపకా నవ్వి, నేను భలే తమాషా మనిషిననుకుని, నా నడుముకు సీసపు దిమ్మెలు కట్టడం మొదలుపెట్టినాడు. "ఈ సీసం దేనికప్పా?" అన్నా. "మునగడానికి!" అన్నాడు. అప్పటికి గాని నాకు ఏ ఈతో అర్థం కాలేదు. చేతిలో కొడవలిని గడ్డిలోకి జారవిడిచినా. ఇంతలో గోదారాయన అందరూ వినేట్లు, "నీళ్ల కింద లాకు తలుపు బిగుసుకుపోయింది. మనిషి దిగి పని చేయాలంటే యంత్రం కొనాలి. ఏది కొనాలో ఇతను దిగి చెబుతాడు. చెప్పిన రోజే ఇతని ఉద్యోగం ఖాయం!" అని ప్రకటించినాడు. కళ్ల ముందర అమ్మ, ఆమె నెత్తిన కడవ. ఈత రానోడు మునుగుతాడంటారు, వీళ్లకు కావాల్సిందీ మునిగేవాడే, ఆ లెక్కన నాకంటే అర్హుడు యాడ దొరుకుతాడని మనసుకు చెప్పుకుని, అహోబిలం నరసింహసామికి మొక్కుకుని, నడుముకు తాడు కట్టించుకుని దిగినాను.

మునగడంలో నాకు సాటి లేదనిపించుకుని, నేరుగా అడుగుకు పోయినాను. మొదట భయంతో కళ్లు మూసుకున్నా. ఒక గుక్క గాలి వచ్చింది, ఇంకొకటి వచ్చింది. కళ్లు తెరిస్తే పచ్చటి వెలుగు. తలెత్తి చూస్తే నెత్తిమీద రెండు నిలువుల నీళ్లు! పుట్టి బుద్ధెరిగిన కాడినుంచి అన్ని నీళ్లు ఒక్కచోట చూసిందిలేదు. అమ్మను ఈడికి తెచ్చి చూపించాలనిపించి, మొగానికి కట్టిన అద్దం వెనకాల ఏడుపొచ్చింది. తాడు లాగి పైకొచ్చి, రెండో యంత్రం కట్టుకుని మళ్లీ దిగినా.

గట్టెక్కినాక గోదారాయన, "ఊఁ, చెప్పవయ్యా" అన్నాడు. నాకు తెలిసిన భాషలో చెప్పినాను. "సార్, రెండు గొట్టాలది మూడో ఈతది. శానా నెమ్మది, అడగంగానే ఇస్తాది. కానీ వెల్లకిలా తిరిగితే గాలంతా ఊరికే కార్చేస్తాది. ఒంటిగొట్టంది తొలి ఈతది. గట్టిగా గుంజితే గాని ఇయ్యదు, మొగం దగ్గర బుసబుసమని బుడగలు కొడతాది. కానీ ఎట్ల తిరిగినా ఒకటే కొలత. ఊరికే చూసొచ్చేవాళ్లకు మొదటిది, పనిచేసేవానికి రెండోది."

గోదారాయన అయోమయంగా చూసి, "మూడో ఈతేమిటయ్యా? నువ్వు దిగింది రెండుసార్లేగా?" అన్నాడు.

"అది బర్రె ఈత సార్, మూడుసార్లు ఈనింది అని. అట్లాంటిది తన్నకుండా పాలిస్తాది."

"మరి నీకు తెలిసిన ఈత?"

"అది చెట్టు సార్."

ఆయన లాకు రాతిమీద కూలబడిపోయినాడు. "ఓరి నీ అసాధ్యం కూలా! నీకేమన్నా అయ్యుంటే మీ అమ్మకు నేనేం చెప్పేవాణ్ణిరా!" అని అరిచినాడు. ఆ అరుపు సగంలోనే నవ్వైపోయింది, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వినాడు. ఒంటిగొట్టందే కొన్నారు. దిగడానికి ఈత (నీళ్ల ఈతే) వచ్చినవాణ్ణి వేరే పిలిపించినారు. నా కొలువు ఖాయం చేస్తూ ఆయన పెట్టిన షరతు ఒక్కటే, నేను కాలవ నీళ్లకు బారెడు దూరంగా ఉండాలని.

అమ్మ క్వార్టర్సుకు వచ్చిన నాడు ఈ కథంతా చేతులు తిప్పుకుంటూ చెప్పినాను. గొట్టాలు, సీసం, బుడగలు, అన్నీ విని, "అదంతా సరేరా, ఆ నీళ్లు తీపా, ఉప్పా?" అనింది.

"నోట్లో రబ్బరు ముక్క ఉండె కదమ్మా. రుచి యాడ తెలుస్తాది?"

"అన్ని నీళ్లలో మునిగి గుక్కెడన్నా తాగకుండా వచ్చినావా నా తండ్రీ!" అని నెత్తి కొట్టుకుని, తానే కాలవ మెట్లు దిగి దోసిలితో తాగింది. ఆనక పైటకొంగుతో మూతీ, కళ్లూ తుడుచుకుని, "తీపేరా" అనింది.

ఇప్పుడెవరన్నా నన్ను ఈత వచ్చునా అని అడిగితే, ఏ ఈత అని అడిగి గాని నోరు తెరవను. ఆ రెండు యంత్రాల్లో ఏది దేనికి మేలో ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతా. ఆనాటి నీళ్ల రుచి మాత్రం మా అమ్మ చెప్పగా విన్నదే.