పెద్ద టీచరమ్మ చెప్పులు

పాఠం చెప్పి పిల్లల్ని ఏడిపించినవాళ్లను మీరు చూసే ఉంటారు. పాఠం చెప్పి ఏకంగా బడి పెద్ద టీచరమ్మనే నట్టింట్లో బందీ చేసిన ఘనత మాత్రం నాదే. నవ్వాలనుకుంటే ఇప్పటినుంచే మొదలుపెట్టండి, చివరిదాకా ఆగితే ఊపిరాడదు.

అది అరవై తొమ్మిది, తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న కాలం. బడులు, కాలేజీలు మూతపడ్డాయి. నా టీచరు ట్రైనింగుకూ తాళం పడింది. పెట్టె సర్దుకుని చేవెళ్ళ దగ్గర ఆలూరులో మా ఇంటికొచ్చి పడ్డాను. సగం ట్రైనింగు అయిన టీచరు ఎంత ప్రమాదమో మీకు తెలియదు. ఎవరు దొరుకుతారా, ఎవరికి నేర్పుదామా అని నాలుక దురద పెడుతూ ఉంటుంది.

దొరికింది మా చెల్లెలు రూతు. పదేళ్ల పిల్ల. ఆటిజం అనే మాట నేను చాలా ఏళ్ల తర్వాత విన్నాను. అప్పట్లో ఊరంతా "ఆ పిల్ల లోకమే వేరు" అనేవాళ్లు. మాట తక్కువ. ముఖంలోకి చూడదు. చింతగింజలు వరుసగా పేర్చుకుంటూ పొద్దంతా గడిపేస్తుంది. ఏ పనైనా ఒక వరుసలో నేర్పితే మాత్రం మళ్లీ చెప్పే అవసరం ఉండదు. ఆ వరుసలో ఒక్కటి తప్పితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరి ఏడుస్తుంది. నాకు అదంటే ప్రాణం.

బడిలో చేర్చుకోమని తీసుకువెళ్తే చేవెళ్ళ పెద్ద టీచరమ్మ వెనక్కు పంపింది. "తన పని తాను చేసుకునుడు, మందిల మెలుగుడు నేర్పుండ్రి. అప్పుడు చూద్దాం" అంది. తిరిగొచ్చే బస్సులో అవ్వ, అంటే మా అమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని దారంతా ఏడ్చింది. అందుకే బడి తెరిచేలోగా రూతుకు అన్నీ నేర్పిస్తానని అవ్వకు మాటిచ్చాను.

జడ అల్లుకోవడం వచ్చింది. బావిలోంచి నీళ్లు చేదడం వచ్చింది. పొయ్యి ముట్టించి చాయ పెట్టడం కూడా వచ్చింది. ఇక నా తలకెక్కిన పొగరు కిందికి దిగలేదు. "ఇప్పుడు చుట్టాల మర్యాద నేర్పుతా చూడు" అన్నాను అవ్వతో.

చుట్టం వేషం నాదే. అవ్వ చీర కట్టుకుని, చేతిసంచి ఊపుకుంటూ వాకిట్లోకి వచ్చేదాన్ని. రూతు కాళ్లకు నీళ్లిచ్చేది, తువ్వాల ఇచ్చేది, మంచం మీద చాప పరిచేది, పళ్లెంలో సర్వప్ప పెట్టేది. సర్వప్ప మా ఇళ్లలో బియ్యప్పిండితో గట్టిగా కాల్చే రొట్టె. నేను "వద్దు బిడ్డా, ఇప్పుడే తిన్న" అనేదాన్ని. మా దిక్కు చుట్టాలు ముందు వద్దనే అంటారు కదా!

"వద్దంటే ఇనొద్దు రూతూ, ఇంకో ముక్క పెట్టాలె."

"పెట్టాలె."

"తినకుంటే చెప్పులు దాచిపెట్టాలె. ఏడ పెట్టినవో నాక్కూడ చెప్పొద్దు."

"చెప్పొద్దు."

ఇది మా నాయనమ్మ పద్ధతి. ఆమె చెప్పులు దాచిన చుట్టాలు తినకుండా గడప దాటిందే లేదు. నేను కూడా చివరికి తిని, కడుపు నిమురుకుని, వాడంతా వినపడేలా తేన్చేదాన్ని. అప్పుడు రూతు చెప్పులు తెచ్చేది. ఎంత చక్కని పాఠం!

ఒకరోజు మధ్యాహ్నం వాకిట్లోకి చుట్టం రానే వచ్చింది. చూస్తే చేవెళ్ళ పెద్ద టీచరమ్మ! బడి తెరిచే ముందు పిల్లను ఒకసారి చూసిపోదామని వచ్చిందట. బంద్‌ల మధ్య ఆ రోజుకు ఒకటే బస్సు, అదే తిరిగి వెళ్లేది. ఆమెకు ఒక బుగ్గ మాత్రం ఉబ్బి ఉంది.

రూతు చెంబు అందించింది. తువ్వాల ఇచ్చింది. చాప పరిచింది. టీచరమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "అరే, మంచిగ నేర్పినవమ్మా!" అంది నాతో. అవ్వ ముఖం వెలిగిపోయింది. నేనైతే నేలమీద నిలబడి లేను.

సర్వప్ప వచ్చింది.

"వద్దు బిడ్డా. పొద్దుగాల్నే దవాఖానల పన్ను పీకించుకున్న."

రూతు ఇంకో ముక్క పెట్టింది.

"నిజంగ వద్దు బిడ్డా!"

ఇంకోటి. నిజంగా వద్దనే చుట్టం కూడా ఉంటుందని నేను పాఠంలో చెప్పలేదు మరి. పళ్లెంలో గుట్ట పెరిగింది. ఇంతలో సడక్ మీద బస్సు హారన్ మోగింది. టీచరమ్మ లేచి గడప దగ్గరికి వెళ్లి ఆగిపోయింది.

"నా చెప్పులేవి?"

వడ్ల గరిసెలో వెతికాను, లేవు. పొయ్యి వెనక లేవు. "ఏడ పెట్టినవే రూతూ?"

"నీక్కూడ చెప్పొద్దు."

"గిప్పుడు చెప్పొచ్చే!"

రూతు చేతులు మెల్లగా చెవుల మీదికి వెళ్తున్నాయి. అది మంచం కిందికి దూరిందంటే బడి ఆశ కూడా దానితోపాటే మంచం కిందికి పోతుంది. సిగ్గు చంపుకుని పాఠమంతా టీచరమ్మకు చెప్పేశాను.

ఆమె మళ్లీ వచ్చి మంచం మీద కూర్చుంది. "జర చాయ తెండ్రి" అంది అవ్వతో. సర్వప్ప ముక్కను చాయలో నానబెట్టి, మంచి బుగ్గవైపు పెట్టుకుని, కళ్లు మూసుకుని మింగింది. రూతు చేతులు కిందికి దిగాయి.

"తిన్న బిడ్డా. బడిల సీటిచ్చిన. ఇగ చెప్పులియ్యి."

రూతు కదల్లేదు. "తేన్చాలె" అంది.

"ఏందీ?"

నేను తల దించుకుని, "కడుపు నిమురుకుని తేన్చాలె టీచరమ్మా. నేనే నేర్పిన" అన్నాను.

సడక్ మీద హారన్ మళ్లీ మోగింది. జిల్లా అంతా తన ముందు చేతులు కట్టుకుని నిలబడే ఆ పెద్ద టీచరమ్మ ఉబ్బిన బుగ్గతో నిటారుగా నిలబడి, కడుపు నిమురుకుని, తేన్చింది. ఏం తేన్పండీ అది! వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి. రూతు మూలన బోర్లించిన గంప ఎత్తి, పొదుగుతున్న కోడి కిందినుంచి వెచ్చటి చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టింది. టీచరమ్మ బుగ్గ పట్టుకుని, నొప్పికి మూలుగుతూనే పడీపడీ నవ్వింది. అవ్వ కూడా నవ్వుతూ, ఏడుస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం భూమిలోకి దిగిపోవాలనిపించింది.

బస్సు దొరికింది. బడి తెరిచాక రూతుకు సీటూ దొరికింది. ఆ తర్వాత పెద్ద టీచరమ్మ ఎప్పుడు మా ఇంటికొచ్చినా చెప్పులు సంచిలో వేసుకుని, గడపలోనే ఒకసారి గట్టిగా తేన్చి లోపలికి వచ్చేది.

నేను ఆనాడే గంప ముందు నిలబడి, కోడి సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో ఏ పిల్లకు ఏ పాఠం చెప్పినా ఆపడం ఎట్లాగో ముందు నేర్పుతాను, చుట్టం వేషం మాత్రం కట్టను. ఇన్నేళ్లలో ఒట్టు తప్పలేదు. తప్పే వీలు కూడా లేదు. ఒట్టు వేసినప్పుడు రూతు పక్కనే ఉంది. అప్పటినుంచి నేను పాఠం మొదలుపెట్టినప్పుడల్లా ఎదురొచ్చి నిలబడుతుంది. "ఆపుడు ముందుగాల నేర్పు అక్కా" అంటుంది.