ఇంజను బూడిద

ఉదయం ఆరూ ఇరవైకి మారికుప్పం స్టేషను చివర ఇంజను బూడిద దులిపేవారు. సగం కాలిన బొగ్గు దానితోపాటే పట్టాల మధ్య గుంతలోకి ఎర్రగా పడేది. గని కార్మికుల లైను ఇళ్ళ ఆడవాళ్ళం బుట్టలతో, తలా ఒక డబ్బా నీళ్ళతో కాచుకుని ఉండేవాళ్ళం. బొగ్గును బయటికి లాగి, నీళ్ళు చిలకరించి ఆర్పి, ఇంటికి మోసేవాళ్ళం. మా కుంపట్లలో అదే కాలేది. గుంత ముందు అంచు పాతవాళ్ళది, అక్కడ మంచి బొగ్గు పడుతుంది. మా అమ్మ జాగా అది.

ఆ రోజు అక్కడ ఒకామె నిలబడి ఉంది. రాయల్పాడు వైపు నుంచి మా లైనుకు కొత్తగా కాపురానికి వచ్చింది.

"కొత్తదానివి. ఎనక్కి పోమ్మా," అంది అమ్మ.

"ఏం, బూడిద మీద నీ పేరు రాసిండాదా?"

"ఇరవై ఏండ్లుగా ఈడనే ఏరుతా ఉండాను."

"శానా ఏరినావులే. ఇంగ ఇంట్లో కూచోక్కా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ ఆమె జుట్టు పట్టుకుంది. ఆమె మా అమ్మ చెంప పగలగొట్టి, మణికట్టు కొరికింది. అమ్మ రెండు చేతులతో తోసింది. ఆమె గుంతలో పడింది.

చీర అంచు అంటుకుంది. నాకప్పటికి పంతొమ్మిదేళ్ళు. తెలియని వయసు కాదు. కానీ ఎర్రటి బొగ్గు మీద నీళ్ళు పోయడం చేతికి అలవాటు. డబ్బా మొత్తం కుమ్మరించాను. వేడి బూడిద పేలినట్టు పైకి లేచింది. ఆవిరి ఆమెను నడుము దాకా కాల్చింది. పైకి లాగినప్పుడు ఆమె కాళ్ళ చర్మం మా చేతులకు అంటుకుని వచ్చింది. ఆ గలాటాలో నీళ్ళు పోసిందెవరో అమ్మ తప్ప ఎవరూ చూడలేదు.

రైల్వే కాపలావాడు కర్రతో పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు తోసింది?"

ఆమె మా అమ్మ వైపు చూసింది.

"ఎవురూ తొయ్యలేదు సార్. జారినాను."

బొగ్గు దొంగతనానికి వచ్చావా అంటూ కిందపడి ఉన్న ఆమెనే రెండు దెబ్బలు వేశాడు.

మూడో రోజు అమ్మా నేనూ ఆసుపత్రికి వెళ్ళాం.

"నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది అమ్మ.

"నిన్ను పట్టిస్తే నా కాళ్ళు వస్తాయా?" మళ్ళీ తనే, "నీళ్ళు పోసింది ఎవురు?" అంది.

"నేనే," అంది అమ్మ.

నేను మంచం పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

పన్నెండో రోజు ఆమె చనిపోయింది. లైనులో అమ్మతో మాటలు ఆగిపోయాయి. తోసింది చాలక నీళ్ళు కూడా పోసిందన్నారు. అమ్మ కాదనలేదు. అమ్మ నన్ను చెప్పనివ్వలేదు అని రాస్తే అబద్ధం. నేను చెప్పబోలేదు. అమ్మ పోయినప్పుడు ఆ లైను నుంచి ఒక్కరూ రాలేదు.

ముందు డీజిల్ ఇంజన్లు వచ్చాయి, తర్వాత ఇళ్ళలోకి గ్యాసు వచ్చింది. మారికుప్పంలో ఇప్పుడు బూడిద ఎవరూ ఏరరు.