సిస్టరమ్మ కారుకి హెడ్‌లైట్లు లేని సాయంత్రం

సిస్టరమ్మ పోయింది. పోయిన మంగళవారం, పాడేరు ఆసుపత్రి ఇంకా అరగంట దూరం ఉండగా, ఎవరిదో జీపులో పోయింది. ఆమె సొంత కారు అప్పుడు ఆమె వాకిట్లోనే ఉంది. దాని హెడ్‌లైట్లు రెండూ పక్కనే అరుగు మీద ఉన్నాయి. విప్పింది నేను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే దాచినట్టుంటుంది.

మా ముంచింగిపుట్టు వైపు ఊళ్లలో ఆమెని పేరుతో పిలిచినవాళ్లు లేరు. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పాత కారొకటి కొంది. కొండ మీద నుంచి డోలీలో దించిన గర్భిణులని ఎక్కించుకుని పాడేరు తీసుకుపోయేది. వెనక సీట్లో మూలుగు వినబడితే, "అరవే, గట్టిగా అరవే. నాకేటి, నాను రోడ్డు సూత్తన్నాను" అనేది.

ఆ రోడ్డే సరిగ్గా కనబడేది కాదు. లైట్లు లాంతరు కంటే హీనం. నేను మెకానిక్ షెడ్డులో పనిచేస్తాను. పది తప్పాను. వైరింగు ఫోనులో చూసి నేర్చుకున్నాను. "నాను సేత్తాను సిస్టరమ్మా" అని పాత సన్న వైర్లకే పెద్ద బల్బులు బిగించేశాను. కరెంటంతా స్టీరింగు కింది స్విచ్చిలోంచే పోవాలి. రెండో రోజుకి స్విచ్చి కరిగి కంపు కొట్టింది.

ఆమె ముక్కు మూసుకుని నవ్వింది. "బేగి ఏసిన కుట్టు మళ్లీ ఇప్పాలిరా గుంటడా. మొత్తం ఇప్పీ."

మొత్తం విప్పాను. ఈసారి రిలే పెట్టాలి. రిలే ఉంటే స్విచ్చి సైగ చేస్తే చాలు, కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరులో నేరుగా లైటుకి పోతుంది. ఆమె పీట వేసుకుని పక్కనే కూర్చుంది. సెలైన్ సూది మీద అంటించే తెల్ల ప్లాస్టరు ముక్క చింపి, పెన్నుతో పేరు రాసి, ఒక్కో వైరుకీ చుట్టేది. నాకు విసుగొచ్చింది.

"రంగులున్నాయి కదా, పేర్లెందుకు?"

"పుట్టిన పిల్లలందరూ ఒకే రంగునుంటారు. సేతికి పేరు కట్టకుండా ఏ తల్లికీ బిడ్డనివ్వనేదు నాను. నీ వైరేటి గొప్పా?"

అలా మూడు రోజులు. అంత నెమ్మదిగా నేను ఏ పనీ చెయ్యలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె పీట మీద నుంచి లేచింది. ఎడం భుజం నొక్కుకుంటోంది. ఏటైందన్నాను. "ఏటీ నేదు. నీ పని నువ్వు సూడు, నడుం వాలుత్తాను." ఎందరి నొప్పులో పట్టుకున్న మనిషి, తన నొప్పి దాచింది. చచ్చినవాళ్ల మీద కోపం ఉండకూడదంటారు. నాకుంది.

చీకటి పడుతుంటే ఆమె చెల్లెలు కేకేసింది. అప్పటికే మంచు దిగింది. సిస్టరమ్మని వెనక సీట్లో పడుకోబెట్టి, చెల్లెలి చేతికి టార్చి ఇచ్చి, నేనే కారు తీశాను. మొదటి మలుపు దగ్గరే లోయ అంచుకి పోయాం. వెనక్కొచ్చేశాను. జీపు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది.

"నీ తప్పేటి నేదురా" అంటున్నారు ఊళ్లో. ఆ మాటకి ఒళ్లు మండుతుంది. ఒక్క రోజులో ముగించి ఉంటే ఆమె బతికేదేమో? ముగించేవాణ్ణే. కానీ ఆ తొందర పనికి స్విచ్చి మళ్లీ కరిగి ఏ మలుపులోనో అందరం పోయేవాళ్లం. రెండూ నిజమే. ఇన్ని ఊళ్లకి ఒక ముసలావిడ పాత కారే దిక్కవడం ఎవరి తప్పో మాత్రం ఎవరూ అడగరు.

నిన్న తెల్లవారుజామున, ఇంకా చీకటుండగానే పని పూర్తయింది. డ్రైవరు సీట్లో కూర్చుని స్విచ్చి వేశాను. వెలుగు రోడ్డు దాటి కాఫీ తోటల దాకా తెల్లగా పడింది. అందులో మంచు పొగలా కదులుతోంది. ఆ మంచులోంచి, చంకలో మూటతో, ఒక ముసలామె పరుగెత్తుకొచ్చింది. వెనక డోలీ మోస్తూ ఇద్దరు. పై ఊరివాళ్లు. వాళ్లకింకా కబురు అందలేదు.

"ఆగమ్మా సిస్టరమ్మా! లైట్లు సూసి లగెత్తుకొచ్చినాం, ఆగు!"

నేను దిగి వెనక తలుపు తీశాను. ముసలామె ఎక్కలేదు. వంగి ముందు సీటు చూసింది. వెనక సీటు చూసింది. మళ్లీ ముందు సీటు చూసింది.