మిట్ట దాటేదాకా సైడ్ ఇవ్వని మనిషి

మా పక్కింటి చాచా చనిపోయాడన్న కబురు నాకు వాట్సప్‌లో తెలిసింది. బడిలో మూడో పీరియడ్ అయ్యాక ఫోను తీసి చూస్తే మా నారాయణఖేడ్ ఊరి గ్రూపులో ఎవరో పెట్టారు. లారీ నడిపిన పెద్దాయన పొద్దున గుండెనొప్పితో పోయాడనీ, జనాజా సాయంత్రం అసర్ నమాజు తర్వాతనీ ఉంది. కింద వరసగా దండాల బొమ్మలు. ఏడున్నరకు నేను కారు తీసేటప్పుడు కుర్చీలో కూచుని చెయ్యెత్తిన మనిషే. గోడకు అవతల మనిషి పోతే ఇవతల ఉన్న నాకు ఊరందరితో పాటే తెలిసింది. తెలియడమైనా వేరే చోట తెలిస్తే బాగుండేది. ఆ గ్రూపుకూ చాచాకూ నాకూ ఒక లెక్క ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను లెక్కల టీచర్ని. హైవే పక్కన ఒక ఊళ్ళో హైస్కూలు మాది. అమ్మ పోయాక ఖేడ్‌లో మా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆదివారం చర్చికి పోతే అక్కడా పెళ్ళి మాటే, కూరగాయలకు పోతే అక్కడా పెళ్ళి మాటే. ఆ ఊసు ఎత్తకుండా నాతో మాట్లాడినవాళ్ళు ఊరు మొత్తంలో ఇద్దరే, చాచా, చాచి. వాళ్ళకూ పిల్లల్లేరు. బహుశా అందుకే అడిగేవాళ్ళు కాదు.

చాచా ముప్పై ఏళ్ళకు పైగా లారీ నడిపాడు. పొట్టి మనిషి, భుజం మీద ఎప్పుడూ తువ్వాల. గల్లీలో ఎవరి బండి ఆగి ఉన్నా దాని అద్దాలు ఆ తువ్వాలతో తుడిచేవాడు. ఆటో, స్కూటరు, కిరాణా కొట్టు ట్రాలీ, ఏదైనా సరే. ఎందుకని అడిగితే, ఖాళీ చేతులు ఊకుంటాయా అని నవ్వేవాడు.

నలభై దాటాక నేను సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. డ్రైవింగ్ స్కూలువాళ్ళు గ్రౌండులో ఎనిమిది అంకె వేయించి, లైసెన్సు చేతిలో పెట్టి వదిలేశారు. మొదటి వారం నేను గల్లీలోంచి కారు వెనక్కి తీయడం చూసి చాచా తల పట్టుకున్నాడు. మర్నాడు ఆదివారం పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాడు. "కారు తియ్యకు. ముందుగాల లారీ ఎక్కు" అన్నాడు.

మార్కెట్ యార్డు దగ్గర ఆపి ఉన్న లారీలోకి నన్ను ఎక్కించాడు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆ మెట్లెక్కేసరికి నా పని అయిపోయింది. స్టీరింగు ముందు కూచోబెట్టి అడిగాడు.

"మీ చాచి యాడుంది చెప్పు."

చాచి మాతో పాటే వచ్చింది. ముందు చూశాను, రెండు అద్దాల్లోనూ చూశాను. ఎక్కడా లేదు. ఇంటికి వెళ్ళిపోయిందేమో అన్నాను. అప్పుడు కింద బంపరుకు ఆనుకుని నిలబడ్డ చాచి గొంతు వినిపించింది.

"ఇంట్ల గూడ గింతే బేటా. ముందట నిలవడ్డా ఈయనకు కనవడ."

ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక చాచా ఎడమవైపు అద్దం మీద వేలు పెట్టి, బడిలో నేను చెప్పేదానికన్నా నిదానంగా చెప్పాడు. "నీ కారులకెల్లి నా అద్దం కనవడ్తలేదంటె, నాకు నువ్వు కనవడ్తలేవన్నట్టు. నువ్వు రోడ్డు మీద లేనట్టే." ఇంకొకటి కూడా చెప్పాడు. "దాటిపోయెటప్పుడు ఒక్కపారి పైకి సూడు. లోపట ఉన్నది మనిషే."

మొదటిది నేను బాగానే పట్టుకున్నాను. రెండోది వదిలేశాను.

నాకు నోరు ఎక్కువ. కారు చేతికొచ్చిన ఆర్నెల్లకే లారీవాళ్ళ మీద నా ఫిర్యాదుల చిట్టా తయారైంది. సాయంత్రం గోడ మీద చాయ్ కప్పు పెట్టుకుని చాచాతో వాదానికి దిగేదాన్ని. హైవే మీద కుడివైపు వరస పట్టుకుని నత్తలా పోతారు, వెనక లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపేస్తారు, ఎదురొచ్చేటప్పుడు కళ్ళలోకి లైట్లు కొడతారు అని. చాచా అన్నీ విని, "నిజమే, మావోల్లల్ల గాడిదలున్నరు" అని ఒప్పుకునేవాడు. ఆ తర్వాత తన వంతు. కారువాళ్ళు సందు దొరకగానే లారీ ముందుకొచ్చి దూరి బ్రేకు కొడతారట. "లోడు బండి మీ కారు లెక్క ఆగుతదా? మీకు జల్దీ, మాకు నిద్ర. రెండూ ఒక్క రోడ్డు మీదనే పోవాలె" అనేవాడు.

సాయంత్రం నేను కారు గల్లీలోకి రివర్సులో తెచ్చేటప్పుడు కుర్చీలోంచి లేచి వచ్చేవాడు. నోటితో ఏమీ చెప్పడు. లారీ క్లీనర్లు బండి ఒంటి మీద చరిచినట్టు నా కారు వెనక చరిచేవాడు. రెండు దెబ్బలు కొడితే రావచ్చు. ఒక్క దెబ్బ కొడితే ఆగాలి. ఇన్నేళ్ళలో నా కారు ఆ గోడకు ఒక్కసారి కూడా తగల్లేదు.

ఇక ఆ లెక్క.

రెండేళ్ళ కిందట, మినుములు చేతికొచ్చే రోజులు. మావైపు ఉద్దులని పిలిచే మినుములు, పెసలు కోసి, కాయలతో ఎండిన మొక్కల కట్టెను రోడ్డు మీదే పరుస్తారు. కల్లానికి చోటు లేనివాళ్ళకు రోడ్డే కల్లం. వచ్చీపోయే బండ్ల టైర్లు తొక్కితే గింజ రాలుతుంది. ఆడవాళ్ళు పక్కనే కూచుని ఎత్తి చెరుగుతారు. లారీ టైర్లకు గింజ బాగా రాలుతుంది. కారుకైతే ఆ కట్టె మీద టైరు జారుతుంది, కింద చుట్టుకుంటుంది. అందుకని ఆ రోజుల్లో మా కార్లవాళ్ళం రోడ్డు పొడుగునా తిట్టుకుంటూ పోతాం.

ఆ సాయంత్రం బడి నుంచి వస్తున్నాను. హైవే వదిలి ఖేడ్ వైపు మళ్ళాక రెండు వరుసల రోడ్డు. ముందు ఒక లారీ సరిగ్గా రోడ్డు నడిమధ్య పోతోంది. హార్న్ కొట్టాను, పక్కకు జరగలేదు. కుడివైపు నుంచి దూరబోతే కుడికి వచ్చింది, ఎడమకు పోతే ఎడమకు వచ్చింది. ముందు మిట్ట ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీశాను. పిల్లలకు రోడ్డు భద్రత పాఠం చెప్పే టీచర్ని. మిట్ట ఎక్కేలోపు ఫోను పక్కన పడేశాను. అవతలికి దిగగానే రోడ్డు మీద మినుప కట్టె పరిచి ఉంది. లారీ నడక వేగానికి తగ్గి, దాని మీదుగా పోయి, అది దాటాక ఎడమకు జరిగింది. నేను ఆ కట్టెనూ తిట్టుకుని, లారీని దాటేశాను. పైకి చూడలేదు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా వీడియో గ్రూపులో పెట్టాను. "ఇరవై నిమిషాలు సైడ్ ఇవ్వలేదు. రోడ్డు వీళ్ళ తాత జాగీరా?" అని రాశాను. నిజానికి అయిదు నిమిషాలు కూడా కాదు. జనం రెచ్చిపోయారు. తాగి నడుపుతున్నాడని ఒకరు, నిద్రపోతున్నాడని ఒకరు రాశారు. నెంబరు కనిపిస్తోంది, లారీ ఓనరు సేటుకు పంపుదామని ఇంకొకరు రాశారు. ఆ మాటకు నేను బొటనవేలి బొమ్మ కూడా పెట్టాను.

మర్నాడు సాయంత్రం పాలపాకెట్టు తీసుకుని వస్తుంటే చాచా ఇంటి ముందు కుర్చీలో కూచుని ఉన్నాడు. పక్కన ఒక సంచి. అందులోంచి లారీ సీటు మీద వేసుకునే దిండు బయటికి కనిపిస్తోంది. ఏంటి చాచా, డ్యూటీకి పోలేదా అన్నాను. గుమ్మంలోంచి చాచి చెప్పింది.

"సేటు తాళంచెవి గుంజుకున్నడు బేటా. నిన్న రోజూ నడిపే బండి గాక వేరే బండి ఇచ్చి పంపిండు. ఎవరో కారాయన ఎనక నుంచి వీడియో తీసిండట, సైడ్ ఇస్తలేడని."

అప్పుడు చాచా అన్నాడు, నన్ను కాదు, గల్లీని చూస్తూ. "మిట్ట అవుతల ఉద్దులు పరిచిండ్రు. ఆడోల్లు రోడ్డు మీదనే కూసున్నరు. పగటీలి పోంగ సూసిన. ఎనకనున్నోల్లకేమెరుక? సైడ్ ఎట్లియ్యాలె?"

నా వీడియో నలభై సెకన్లు. మిట్టకు ఇవతలే అయిపోతుంది. ఎదుట బండి లేదనుకుని నేను దూసుకుపోయి ఉంటే ఆ ఆడవాళ్ళ మీదికే పోయేదాన్ని. లోపలికి వచ్చి వీడియో తీసేశాను. అప్పటికే అది నాకు తెలియని గ్రూపులకు పోయింది.

చెప్పాలని ఆ రాత్రే అనుకున్నాను. తెల్లారి చెబుదామనుకున్నాను. ఆదివారం చెబుదామనుకున్నాను. అలా రెండేళ్ళు గడిచాయి. ఒకసారి గోడ దగ్గర నిలబడి, "చాచా, నీకో మాట చెప్పాలి" అని మొదలుపెట్టాను కూడా. "ముందు చాయ్ తాగు, సల్లారుతది" అన్నాడు. చాయ్ తాగేసరికి నా ధైర్యం చల్లారింది. వేరే సేట్లెవరూ ఆయనకు బండి ఇవ్వలేదు. ఆయన వయసు ఒక సాకు, ఆ వీడియో ఒక సాకు. చాచా గల్లీలో అద్దాలు తుడుచుకుంటూ కూచున్నాడు. నా కారు వెనక రెండు దెబ్బలు, ఒక దెబ్బ మాత్రం ఏ రోజూ మానలేదు. కారు దిగగానే అడిగేవాడు.

"ఇయ్యాల రోడ్డు ఎట్లుండె?"

చెప్పేదాన్ని. ఎక్కడ లారీ ఆగిపోయింది, ఎక్కడ పోలీసులు ఆపుతున్నారు, ఎవరు హార్న్ కొట్టారు అన్నీ. రోడ్డు మీద బెంగతో అడుగుతున్నాడనుకునేదాన్ని. నా దగ్గర ఉన్న ఒక్క మాట తప్ప ప్రతి మాటా ఆయనకు చెప్పాను.

చాచా పోయిన రోజు నేను వచ్చేసరికి డిపో రోడ్డు పొడుగునా లారీలు ఆగి ఉన్నాయి. గల్లీ నిండా డ్రైవర్లు, తువ్వాలలు భుజాన వేసుకుని నిలబడ్డారు. జనాజా వెళ్ళిపోయి గల్లీ ఖాళీ అయ్యాక నేను కారు వెనక్కి తెచ్చాను. అద్దం దించి, చెవి బయటపెట్టి తెచ్చాను. ఏ దెబ్బా వినపడలేదు. కారు గోడకు రాసుకున్నాకే ఆగింది.

మూడో రోజు జియారత్ ప్రార్థనలు అయి చుట్టాలందరూ పోయాక చాచి దగ్గర కూచున్నాను. ఆమె చాటలో ఎల్లిపాయలు వలుస్తోంది. నేనూ కొన్ని తీసుకుని వలుస్తూ చెప్పేశాను. ఆ వీడియో తీసింది ఎవరో కారాయన కాదు చాచి, నేనే అని.

చాచి చెయ్యి ఆగలేదు.

"మాకెరికే బేటా" అంది.

"ఎప్పటి నుంచి?"

"గా దినం నుంచే. అద్దంల నీ కారు కనవడ్డదట. ఎనక మన పోరి ఉన్నది, హార్న్ కొడుతున్నది, కొట్టనీ, మిట్ట దాటినంక తిట్టుకుంట పోతది అనుకున్నడట. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు నాకు. తెల్లారితే గీ లొల్లి అయింది."

"మరి ఎవరో కారాయన అన్నావు కదా చాచి."

"గట్ల చెప్పుమన్నడు. మనకెరికైందంటె పోరి మన గడప తొక్కది. ఒక్కతే ఉంటది. మనం గూడ లేకపోతె ఎవరితోని మాట్లాడ్తది అన్నడు."

ఆమె వలిచినవి గిన్నెలో పోసి, పొట్టు పారబోయడానికి లేచింది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. కూచున్న చోటు నుంచి లేవలేనంత సిగ్గేసింది. నా కోసం లారీని రోడ్డుకు అడ్డం నడిపాడు. దానికే నేను ఆయన బతుకుతెరువు తీసేస్తే, నేను ఒంటరిదాన్నైపోతానని అది కూడా దాచుకున్నాడు. రోజూ రోడ్డు ఎట్లుండె అని అడిగిన మనిషికి నేను చెప్పాల్సింది ఒకటే ఉండె.

ఆ సాయంత్రం గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. రెండేళ్ళ కిందట నేను తీసి పెట్టిన వీడియోలో లారీ నడిపింది చాచా, మిట్ట అవతల ఇదీ సంగతి అని. ఇద్దరు ముగ్గురు దండాల బొమ్మలు పెట్టారు. కాసేపటికి కింద ఎవరిదో పుట్టినరోజు ఫోటో వచ్చింది, దాని కింద శుభాకాంక్షలు. నా మాట వాటి పైకెక్కడికో పోయింది. అందుకే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. ఆయన తాగేవాడు కాదు. నిద్రపోతూ నడపలేదు. రోడ్డు ఆయన తాత జాగీరనుకోలేదు.

మొన్న బడి నుంచి వస్తున్నాను. ఇవీ మినుములు చేతికొచ్చిన రోజులే. పరీక్షల పేపర్లు తేవడానికి మధ్యాహ్నం ఒకసారి ఖేడ్ వచ్చి పోయాను కాబట్టి మిట్ట అవతల కట్టె పరుస్తుండటం నేనే చూశాను. ఇప్పుడు నా ముందు రోడ్డు ఖాళీ. వెనక ఒక తెల్లకారు వచ్చి అంటుకుంది, హార్న్ మీద హార్న్. నేను రోడ్డు నడిమికి జరిగాను. అతను కుడికి వస్తే కుడికి పోయాను, ఎడమకు వస్తే ఎడమకు పోయాను. అద్దంలో అతని ముఖం కనిపిస్తోంది. చిన్న వయసే. ఏదో అరుస్తున్నాడు, ఒక చేతిలో ఫోను ఎత్తి పట్టుకున్నాడు. తీసుకోనీ అనుకున్నాను.

మిట్ట దిగాక కట్టె మీదుగా నడక వేగంతో పోయాను. చాట పట్టుకున్న ఒకామె తల ఎత్తి చూసి మళ్ళీ చెరుగుతోంది. అది దాటాక ఎడమకు జరిగి సైడ్ ఇచ్చాను. తెల్లకారు గొంతు చించుకుంటున్నట్టు హార్న్ కొట్టుకుంటూ నన్ను దాటింది. అద్దం దించుకుని అతని వైపే చూశాను. అతను ఇటు చూడలేదు.